అందింపు మూడో వెర్షన్‌కు అభినందన పత్రం

తెనాలిలో ముప్ఫై ఏళ్లుగా ఎవరి భుజాన శాలువా పడినా ఆ శాలువాతో పాటు ఒక కాగితం ఉండేది. ఆ కాగితం రాసేది వెంకట సుబ్బయ్య మాస్టారే. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. సన్మాన పత్రం రాయడంలో తనను మించినవాడు అటు చేబ్రోలు దాకా, ఇటు రేపల్లె దాకా లేడని ఆయన గట్టి నమ్మకం. సన్మానం ఎవరికో ఆయనకి తెలియనవసరం లేదు. పేరు, ఉద్యోగం చెబితే చాలు. తహసీల్దారైతే 'న్యాయనిష్ఠాగరిష్ఠా' అని, డాక్టరైతే 'ప్రాణదాన ధురంధరా' అని మొదలుపెడతారు. ఏ ఉద్యోగమూ లేకపోతే 'సహృదయ చక్రవర్తీ' ఉండనే ఉంది. ఒకసారి కరెంటాఫీసు లైన్‌మన్‌ని 'తేజోవితరణశీలీ' అన్నారు. ఆయన ఇంటికెళ్లి, ఇది పొగడ్తా తిట్టా అని పిల్లల్ని అడిగాడట.

ఆ పత్రాలను ఎవరూ చదవరు. ఈ సంగతి మాస్టారికీ తెలుసు, కాకపోతే ఒప్పుకోరు. మైకు దగ్గర ఎవరో గబగబా చదివేస్తుంటే సభ మొత్తం టిఫిన్లు ఎటువైపు పెట్టారా అని చూస్తుంటుంది. తర్వాత అద్దం కట్టించి గోడకి తగిలిస్తారు. అంతటితో సరి. ముప్ఫై ఏళ్లు అలా రాసీ రాసీ, తను ఏం రాసినా ఎంత రాసినా ఎవరికీ నష్టం ఉండదన్న ధీమా ఆయనకి ఎముకల్లో పట్టేసింది.

అలాంటి మనిషిని పట్టుకుని తేజస్వి రిలీజ్ నోట్స్ రాయమంది.

తేజస్వి ఒకప్పుడు ఆయన దగ్గర తెలుగు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు బాపట్లలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. ఖాళీ దొరికినప్పుడల్లా మరో ముగ్గురితో కలిసి 'అందింపు' అనే ప్రోగ్రామ్ రాస్తుంటుంది. పద్యనాటకంలో నటుడు మాట మరిచిపోతే తెర పక్కనుంచి ఒకరు మెల్లగా అందిస్తారు కదా, ఆ పని ఇక్కడ ఫోను చేస్తుంది. నాటకం మొత్తం ముందే అందులో ఎక్కించి పెడతారు. పద్యం ఎక్కడి దాకా వచ్చిందో అది వింటూ ఉంటుంది. నటుడు తడబడి ఆగితే, చెవిలో దాచుకున్న చిన్న ఇయర్‌ఫోన్‌లో తర్వాతి మాట చెబుతుంది. ఆ ప్రోగ్రామ్‌ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఎలా రాశారో విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి తిరిగి పంపొచ్చు. ఇదేం వ్యాపారమని అడిగితే, వ్యాపారం కాదండి మాస్టారూ అని తేజస్వి నవ్వింది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అందులో ఏం చేరింది, ఏం మారింది, దేనితో జాగ్రత్తగా ఉండాలి అన్నవి వాడేవాళ్లకి తెలుగులో చెప్పే కాగితం ఒకటి కావాలి. అదే రిలీజ్ నోట్స్.

మొదటి రెండు వెర్షన్లకి పెద్దగా మార్పుల్లేవు కాబట్టి మాస్టారు రాసినదాని వల్ల ప్రమాదమేమీ జరగలేదు. మూడోదాని దగ్గర తేజస్వి ఫోన్ చేసి మరీ చెప్పింది.

"ఈసారి పెద్ద ఫీచర్ వచ్చిందండి మాస్టారూ. జనం చప్పట్లు కొడితే ఫోను దాన్ని వన్స్ మోర్ అనుకుంటుంది. పద్యాన్ని మళ్లీ మొదట్నుంచి అందిస్తుంది."

"ఆహా! రసజ్ఞత కలిగిన యంత్రమన్నమాట."

"అదేనండి. కానీ అది దానంతటదే ఆన్‌లో ఉంటుంది. వద్దనుకునేవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపుకోవాలి. ఈ ముక్క మొదటి లైన్లోనే ఉండాలండి. మొత్తం నాలుగు లైన్లు చాలు."

"మొదటి లైన్లోనా?" అన్నారు మాస్టారు, ఎవరో ఆయన్ని చొక్కా లేకుండా పెళ్లికి రమ్మన్నట్టు.

ఫోన్ పెట్టేశాక ఆయన చాలా సేపు బాధపడ్డారు. శుభమా అని కొత్త వెర్షన్ వస్తుంటే 'జాగ్రత్త' అని మొదలుపెట్టడమేంటి? శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదని పెద్దలు ఊరికే అన్నారా? కాబట్టి మొదటి పేజీలో నాట్యకళకి నమస్కారం పెట్టారు. రెండో పేజీలో తేజస్వినీ, ఆమె ముగ్గురు మిత్రులనూ, వాళ్లకి జన్మనిచ్చిన వంశాలనూ కీర్తించారు. మూడో పేజీ కంప్యూటర్‌కి పోయింది. ఆ పైన, నాలుగో పేజీ చివర, సంతకానికి కాస్త పైన ఇలా రాశారు: 'కరతాళధ్వనిని గుర్తెరిగి పద్యమును పునరారంభించు ఈ నూతన విశేషమును అనభిలషించువారు తన్నివారణోపాయమును అమరికల యందు గాంచనగును.'

రాసి, కళ్లజోడు తీసి, భార్య అనంతలక్ష్మికి చదివి వినిపించారు. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మొత్తం విన్నది.

"వంకాయ కూర ఎలా చెయ్యాలో రాయమంటే మీరు వంకాయ ముత్తాత గురించి రాస్తారండి" అంది.

రసహీనులతో వాదన పెట్టుకోకూడదని మాస్టారు నాలుగు పేజీలూ తేజస్వికి పంపేశారు. అప్పుడు తేజస్వి పరీక్ష పేపర్లు దిద్దే హడావుడిలో ఉంది. మొదటి పేజీ చూసి నవ్వుకుని, మాస్టారు రాశారంటే అసలు సంగతి ఎక్కడో ఉండే ఉంటుందిలే అని అలాగే నెట్‌లో పెట్టేసింది. సంగతి ఉన్నమాట నిజమే.

పది రోజుల తర్వాత రేపల్లె నుంచి కుసుమకుమారి ఫోన్ చేసింది. ఆమె పేరు మాస్టారు ఎరుగుదురు. ముప్ఫై ఏళ్లపాటు రాణి వేషానికి ఆమె తర్వాతే ఎవరైనా. రెండేళ్ల కిందట ఒక సభలో పద్యం మధ్యలో మాట తట్టక నిలబడిపోయింది. ఎవరో ఈల వేశారు. ఆ రోజు రంగు కడుక్కుని ఇంటికెళ్లిన మనిషి మళ్లీ స్టేజీ ఎక్కలేదు. మతి పోతోందేమోనన్న భయం పట్టుకుంది. డాక్టరు ఏమీ లేదన్నా నమ్మకం కుదరలేదు.

"ఆరు నెల్ల నించి ఇంట్లో మీ అందింపు పెట్టుకుని సాధన చేస్తన్నానండి మాస్టారూ. అది చెవిలో ఉంటే ధైర్యంగా ఉంది. శనివారం మా రేపల్లెలో పోటీలు. పొద్దున పదింటికి మా నాటకం. ఒప్పుకున్నాను" అంది. కాస్త ఆగి, "ఇదొక్కటీ నిలబడితే మళ్లీ వేషాలేస్తాను. లేదంటే ఇంక ఈ జన్మకి సరి" అంది.

మాస్టారి గుండె నిండింది. తన కలం కూడా ఈ పుణ్యంలో పాలు పంచుకుంటోందని తోచింది.

"కొత్త వెర్షన్ నిన్ననే ఎక్కించాడండి మా నాటక సమాజం జాన్ బాబు. మీరు రాసిన కాగితం కూడా అచ్చు తీసి లామినేషన్ చేయించాడు. చదివానండి. అందులో నేను ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఏమన్నా ఉందాండి?"

ఇక్కడ దేవుడు వెంకట సుబ్బయ్య మాస్టారికి ఒక మంచి అవకాశం ఇచ్చాడు. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది.

"ప్రతి వాక్యమూ ముఖ్యమేనమ్మా" అన్నారాయన. "నిదానంగా చదువుకోండి. ఆస్వాదించాలి."

"అట్టాగేనండి" అంది కుసుమకుమారి. ఆ గొంతులో ఏదో చిన్న తడబాటు వినిపించింది. భక్తి అనుకున్నారు మాస్టారు.

శనివారం పొద్దున్నే ఆయన ఇస్త్రీ పంచె కట్టి తెనాలిలో రేపల్లె రైలెక్కారు. తేజస్వి కూడా రావాల్సింది గాని కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది. పరీక్ష హాల్లోకి వెళ్లేముందు తన ఫోను ఆపి బయట పెట్టెయ్యాలి. మీరే చూసి నాకు చెప్పండి మాస్టారూ అంది. దారి పొడుగునా ఆయన, నాటకం అయ్యాక తనని స్టేజీ మీదికి పిలిస్తే ఏం మాట్లాడాలో తయారు చేసుకున్నారు. పిలవరేమోనన్న అనుమానం ఆయనకి రాలేదు.

హాలు నిండుగా ఉంది. జాన్ బాబు ఆ సమాజం నడిపే మనిషి, ఆ రోజు మంత్రి వేషం కూడా ఆయనదే. మీసం అతికించుకుంటూనే ఎదురొచ్చి మాస్టారిని ముందు వరసలో కూర్చోబెట్టాడు. నాటకానికి గంట టైము, దాటితే మార్కులు కోస్తారని జడ్జీల పక్కన గడియారం పెట్టారు.

తెర లేచింది. కుసుమకుమారి కిరీటం పెట్టుకుని నడిచి వస్తుంటే చెవిలో ఇయర్‌ఫోన్ ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకోవడం మాస్టారికి ముందు వరసలోంచి కనిపించింది. హార్మోనియం శ్రుతి అందుకుంది. ఆమె కళ్లు మూసుకుని మొదటి పద్యం ఎత్తుకుంది. నాలుగు పాదాలూ ఎక్కడా తొణకలేదు. చివరి పాదం మీద రాగం తీసి వదిలేసరికి హాలు దద్దరిల్లింది. ఆమె ముఖంలో రెండేళ్ల బరువు దిగిపోవడం అందరికీ తెలిసింది. మాస్టారు కూడా అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టారు.

ఆమె ఒక్క క్షణం ఆగింది. చెవి పక్కకి తల కాస్త వంచింది. మళ్లీ అదే పద్యం ఎత్తుకుంది.

అడక్కుండానే వన్స్ మోర్! జనం మురిసిపోయి రెండింతలు చప్పట్లు కొట్టారు. ఆమె మళ్లీ ఆగింది. మళ్లీ తల వంచింది. మళ్లీ అదే పద్యం.

మూడోసారికి చప్పట్లతో పాటు కొన్ని నవ్వులు వినిపించాయి. నాలుగోసారి మొదటి పాదంలో ఉండగానే వెనక నుంచి ఎవరో, "అమ్మా, ముందుకి పదండమ్మా, మంత్రిగారు కాళ్లు నొప్పులంటన్నారు!" అన్నారు. హాలంతా గొల్లుమంది. నవ్వుతూ మళ్లీ చప్పట్లు కొట్టారు. జాన్ బాబు చేతిలో లేఖ పట్టుకుని, తన మాట ఎప్పుడొస్తుందో తెలియక మీసం మాత్రం సర్దుకుంటున్నాడు. కుసుమకుమారి ఐదోసారికి నోరు తెరిచి ఆగిపోయింది. ముఖం తెల్లబోయింది.

మాస్టారికి అప్పుడు వెలిగింది. కరతాళధ్వనిని గుర్తెరిగి.

ఆయన లేచి, పంచె కుచ్చెళ్లు పట్టుకుని, అడ్డొచ్చిన వాలంటీరుని తోసుకుంటూ తెర పక్కకి పరిగెత్తారు. స్టూలు మీద ఫోను ఉంది. అందులో పద్యం మొదటి పాదం మెరుస్తోంది. దాన్ని ఎలా ఆపాలో ఆయనకి తెలియదు. తేజస్వికి చేశారు, స్విచాఫ్. అప్పుడు కనిపించింది, స్టూలుకి పైన మేకుకి తగిలించి, లామినేషన్‌లో తళతళలాడుతూ, ఆయన రాసిన కాగితం.

ప్రాణం లేచొచ్చింది. లాక్కుని చదవడం మొదలుపెట్టారు. నాట్యకళకి నమస్కారం. తిప్పారు. వంశాలు. తిప్పారు. కంప్యూటర్ మీద సీసపద్యం. తన రాత తనకే ఇంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు. ఎవడ్రా వీడు, విషయం చెప్పడేం అని నిజంగానే తిట్టుకున్నారు. చిట్టచివరికి దొరికింది. తన్నివారణోపాయమును అమరికల యందు గాంచనగును. అమరికలంటే సెట్టింగ్సే. ఆ సెట్టింగ్స్ ఎక్కడ? ఏ బటన్? గాంచనగును అన్నాడు గాని ఎక్కడ గాంచాలో చెప్పలేదు దరిద్రుడు. ముక్కెక్కడరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పేవాణ్ణి చూశాం, వీడు తిప్పి తిప్పి ముక్కు చూపించకుండానే వెళ్లిపోయాడు.

స్టేజీ మీద నిశ్శబ్దం. ఎక్కడో ఒక ఈల.

ఆ ఈల మాస్టారికి వినపడింది. ఇంక ఆలోచించకుండా ఫోను పక్కనున్న బటన్ గట్టిగా నొక్కి పట్టుకున్నారు. ఫోను చచ్చింది. దానితోపాటు ఆమె చెవిలో గొంతు కూడా పోయింది. కుసుమకుమారి ఉలిక్కిపడి తెర పక్కకి చూసింది. అక్కడ రాణికి కనిపించింది చెమటలు కారుతున్న ముసలి తెలుగు మాస్టారు.

స్టూలు కింద జాన్ బాబు రాసుకున్న నాటకం నోటుబుక్కు ఉంది. మాస్టారు పేజీ పట్టుకుని రెండో పద్యం అందించారు. అలవాటు చావదు కదా, పాదం మొత్తం రాగయుక్తంగా అందించారు. ముందు వరసల వాళ్లకి కూడా వినపడింది. ఆమె చీర కొంగు సర్దుకుంటున్నట్టు చెయ్యి ఆడించి, పళ్ల బిగువున, "ఒక్క మాట చాలండి" అంది.

ఆయన నోరు మూసుకున్నారు. మళ్లీ తెరిచి, ఒక్క మాట అందించారు.

ఆ ఒక్క మాటతో నాలుగు పాదాలూ వాటంతటవే వచ్చేశాయి. మూడో పద్యానికీ అంతే. నాలుగో పద్యానికి ఆమె ఇటు చూడనే లేదు. సంభాషణల్లో రెండుచోట్ల చూసింది, రెండు మాటలు ఇచ్చారు. నాటకం మొత్తానికి ఆయన అందించింది తొమ్మిది మాటలు. జీవితంలో అంత తక్కువ ఆయన ఎప్పుడూ పలకలేదు, అంత జాగ్రత్తగా కూడా ఎప్పుడూ పలకలేదు. టైము ఏడు నిమిషాలు దాటింది. మార్కులు కోశారు. బహుమతి రాలేదు. ఆయన్ని స్టేజీ మీదికి ఎవరూ పిలవలేదు, ఆయనకి ఆ సంగతి గుర్తే లేదు.

తెర పడ్డాక కుసుమకుమారి కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూలబడింది. మాస్టారు ఆమె ముందు నిలబడి జరిగింది చెప్పారు. చప్పట్ల సంగతి, నాలుగో పేజీ సంగతి, అన్నీ. దాచడానికి ఏమీ మిగల్లేదు.

ఆమె అంతా వింది.

"అయితే ఆ పద్యం నేను పాడినట్టేనాండి? మొదటిసారే?"

"పాడారమ్మా. అమోఘంగా పాడారు."

"నేను పాడలేదేమో, పాడాననుకుంటన్నానేమో అనుకున్నానండి. మళ్లీ మతి తప్పిందనుకున్నా." ఆమె కళ్ల కింద రంగు చారలు కట్టింది. "మీ కాగితం కూడా మూడుసార్లు చదివాను మాస్టారూ. చివర్లో అదేదో అస్సలు బుర్రకెక్కలా. మీరేమో ప్రతి వాక్యమూ ముఖ్యమన్నారు. నా బుర్రే పాడైపోయిందనుకుని ఆ రాత్రంతా ఏడిచానండి. ఎవరికీ చెప్పలా."

వెంకట సుబ్బయ్య మాస్టారికి ముప్ఫై ఏళ్లలో మొదటిసారి తన కాగితాన్ని ఒక మనిషి నిజంగా చదివిందని తెలిసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయారు. "తప్పు నాదమ్మా" అన్నారు. ఇంకేదో చేర్చబోయి, మానుకున్నారు.

మర్నాడు ఆయన తేజస్వికి కొత్త నోట్స్ పంపారు. ఆ ఫీచర్ ఆపే బటన్ ఎక్కడుందో ఆమెని మూడుసార్లు అడిగి, అనంతలక్ష్మి చేత ఫోనులో నొక్కించి చూసుకుని, ఆమెకి అర్థమయ్యాకే పంపారు. తేజస్వి ఈసారి చివరిదాకా చదివింది. అక్షరం మార్చకుండా పెట్టింది. అందులో ఉన్నది ఇంతే:

'జాగ్రత్త. చప్పట్లు వినిపిస్తే ఈ వెర్షన్ పద్యాన్ని మళ్లీ మొదట్నుంచి అందిస్తుంది. వద్దనుకుంటే పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో వన్స్ మోర్ అన్నదాన్ని ఆపండి. నాటకానికి ముందే ఆపండి.

సరిదిద్దిన తప్పు: పాత నోట్స్. అవి చదివి అర్థం కానివారికి మనవి. మీ బుర్రకీ, మీ జ్ఞాపకానికీ ఏ లోపమూ లేదు. లోపం రాసినవాడిది.'

సాయంత్రం రేపల్లె నుంచి ఫోనొచ్చింది. మాస్టారు భయపడుతూనే ఎత్తారు.

"చదివానండి మాస్టారూ" అంది కుసుమకుమారి. "సంతోషమమ్మా" అన్నారు మాస్టారు. ఇంకో మాట చేర్చలేదు.

"వచ్చే నెల చేబ్రోలులో నాటకం ఉందండి. ఇందాకే ఒప్పుకున్నాను."